కాఫీ ముందు కళ్ళు మూసుకున్నవాడు

కోయిలకుంట్ల,
1-3-2025.

తమ్ముడు గాబ్రియేలుకు,

మీ అక్క రాహేలమ్మ రాసేది. ఇక్కడ నీ భార్య జీవమ్మ, కూతురు ఆరాధన బాగున్నారు. బాగున్నారంటే పొద్దున లేస్తున్నారు, ఇంత తింటున్నారు. అంతకు మించి అడగొద్దు.

మొన్న నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు జాలీకి అవతల నువ్వు, ఇవతల నేను, మధ్యలో పదిమంది కేకలు. నువ్వు చెప్పింది నాకు సగం వినపడలేదు, నేను అడిగింది నీకు అసలే వినపడలేదు. అందుకే జాబు. జైల్లో జాబులు చదివాకే ఇస్తారంట. చదవనీ. మనం దాచుకునేదేముంది.

జయరాజ్ వకీలును కలిశాను. చెన్నైకి పోయి వస్తూ రెండు రోజులు కన్ను మూయకుండా లారీ నడిపి, చాగలమర్రి దాటాక నిద్రలోనే ఆ అయ్యన్న మోపెడ్‌ను గుద్దావని పోలీసులు రాసుకున్నారంట. మనిషి చచ్చిపోయాడు, నువ్వు లారీ వదిలి పరిగెత్తావు. అందుకే పెద్ద సెక్షన్ పెట్టారంట. ఎందుకు పరిగెత్తావురా? గంట తర్వాత నీ అంతట నువ్వే స్టేషనుకు వెళ్ళావు, సరే. ఆ గంటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఏప్రిల్ మూడున బెయిలు మాట వస్తుంది. ఆ లోపల, ప్రమాదానికి ముందు నువ్వు మెలకువగా ఉన్నావని చెప్పే మనిషి కావాలి. కాఫీ తాగి బయలుదేరాను అన్నావు గదా. ఆ కాఫీ ఇచ్చినవాళ్ళు వచ్చి చెప్తే చాలంట. అప్పుడు, అయ్యన్నే చూసుకోకుండా రోడ్డుకు అడ్డం వచ్చాడన్న నీ మాటకు బలం వస్తుందంట.

ఎక్కడ తాగావు? ఊరు రాయి, అంగడి పేరు రాయి. మిగతాది నేను చూసుకుంటాను. హాస్టల్లో ముప్పై ఏళ్ళు నాలుగొందల మందికి వండి పెట్టి రిటైరైనదాన్ని, ఒక కాఫీ అంగడి పట్టుకోలేనా.

స్వెట్టరు పంపమన్నావని జీవమ్మ చెప్పింది. ఈ ఎండల్లో స్వెట్టరేమిట్రా? ఒళ్ళు బాగుందా?

నీ అక్క
రాహేలమ్మ

~

సబ్ జైలు,
5-3-2025.

అక్కకు గాబ్రియేలు వందనాలు.

ఒళ్ళు బాగానే ఉంది. నేల మీద పడుకుంటే తెల్లవారేసరికి వణుకు వస్తోంది, అంతే. స్వెట్టరు వద్దులే.

ఆ అంగడి పేరు తెలియదక్కా. బోర్డు లేదు. మైదుకూరు దాటి పది పదిహేను కిలోమీటర్లు వచ్చాక, ఎడమ చేతి వైపు. రేకుల కొట్టం, ముందర నీడకు కట్టిన నీలం పట్టా. నీ వయసున్న ఒకామె నడుపుతోంది. అక్కడ ఆగడం నాకు అదే మొదలు. మధ్యాహ్నం రెండున్నర అయి ఉంటుంది, ఎండ కళ్ళలోకి కొడుతోంది.

గుర్తు అంటే ఆ కాఫీయే గుర్తు. ఈ రోడ్డు మీద ఇప్పుడు ఎవరిని కాఫీ అడిగినా పొట్లం చింపి వేడిపాలలో వేసి తిప్పి ఇస్తారు. ఆమెది డికాషను. నాలుక మీద కాస్త చేదు నిలిచి, ఆ తర్వాత మెల్లగా తీపి వస్తుంది. ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టుకుంటున్నాను, రోడ్డు మీద అంత మంచి కాఫీ తాగలేదు. రెండో గుక్కకు తల దిమ్ము దిగిపోయింది.

నేను నిద్రపోలేదక్కా. అట్లాంటి కాఫీ తాగినవాడు ముప్పావు గంటకే ఎట్లా నిద్రపోతాడు?

ఆ అయ్యన్నది ఏ ఊరు? ఇంట్లో ఎవరెవరున్నారు? వకీలును అడిగి రాయి.

నీ తమ్ముడు
గాబ్రియేలు

~

ఆళ్ళగడ్డ బస్టాండు,
11-3-2025.

గాబ్రియేలుకు,

బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో. నాలుగు రోజుల్లో ఇరవై మూడు కాఫీలు తాగాను. నా కడుపు కాలి బూడిదైంది. ఇరవై మూడింటిలో పందొమ్మిది పొట్లం కాఫీలు. రెండు మాడినవి. ఒకటి టీ, కాఫీ అని చెప్పి ఇచ్చాడు, అడిగితే "రెండూ ఒకటేలేమ్మా" అన్నాడు. మిగిలినది ఒకటి బాగుంది గానీ ఇచ్చింది మీసాలాయన.

నువ్వు చెప్పినట్టే ఎడమ చేతి వైపు కూర్చుని, ఎడమ చేతి వైపే చూస్తూ పోయాను. నీలం పట్టా కనిపించిన ప్రతిచోటా దిగాను. దిగిన చోటల్లా ఎండలో ఇంకో బస్సు కోసం గంట. మూడో రోజు ఒక కండక్టరు నన్ను గుర్తుపట్టి, "ఏందమ్మా, దినమూ ఈ రోడ్డు మీదే తిరుగుతాండావు? యాడికి పోవాల నువ్వు?" అని అడిగాడు. చెప్పాను. ఆ పిల్లవాడు డ్రైవరుతో మాట్లాడి, ప్రతి రేకుల కొట్టం దగ్గరా బస్సు ఆపించాడు. ముందు సీట్లో ఒక ముసలాయన "పెండ్లికి పోవాల మేము" అని కయ్యిమన్నాడు. సంగతి తెలిశాక ఆయనే "నువ్వు కూసోమ్మా, నేను తాగి చూసొస్తా" అని రెండుచోట్ల దిగి తాగి వచ్చి, పెదవి విరిచి చూపించాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ ముక్కూ మొహం తెలియని మనిషి నీ కోసం దిగాడురా.

అయినా దొరకలేదు. చాగలమర్రి నుంచి మైదుకూరు దాకా ఎడమ వైపు ఒక్క కొట్టం వదల్లేదు. నిజంగా తాగావా, లేక ఎండలో కలగన్నావా?

అయ్యన్న సంగతి నీకెందుకు? అడిగావు కాబట్టి రాస్తున్నాను. చాగలమర్రి అవతల చిన్న పల్లె. భార్య శివజ్యోతి, తల్లి. పిల్లలు లేరంట. ఇప్పుడు వాళ్ళ గురించి ఆలోచించి మెత్తబడొద్దు. నువ్వు మెత్తబడితే మనం మునుగుతాం.

రాహేలమ్మ

~

సబ్ జైలు,
14-3-2025.

అక్కకు,

నేను కడప వైపు నుంచి కర్నూలుకు వస్తున్నాను గదా! నా ఎడమ చెయ్యి అది. నువ్వు ఆళ్ళగడ్డ నుంచి మైదుకూరు వైపు పోతూ నీ ఎడమకు చూశావు. రోడ్డుకు అవతలి పక్కనంతా వదిలేశావు. డ్రైవరు బుద్ధితో రాశాను, తప్పు నాదే.

అయినా ఇక చాలక్కా. నీకు షుగరు. ఇరవై మూడు కాఫీలంటే మాటలా. ఆమె దొరకకపోతే వదిలేయి. దొరికినా ఏం చెబుతుందో ఏమో. రోజుకు రెండొందల మందికి కాఫీ ఇచ్చే మనిషికి నేను ఏం గుర్తుంటాను. ఇంటికి పో.

శివజ్యోతి వయసెంత?

గాబ్రియేలు

~

బద్వేలు,
20-3-2025.

తమ్ముడా,

దొరికింది! ముందు ఆ మాట చదువుకుని ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకో.

వదిలేయి, ఇంటికి పో అని రాస్తావా? అక్క ఒళ్ళు అలిసిందని నీకు జాలి. జైల్లో కూర్చుని నా షుగరు చూస్తున్నావు. ఆ జాబు చదివి ఒళ్ళు మండి, మర్నాడే మళ్ళీ బస్సెక్కాను.

ఈసారి అవతలి పక్క చూశాను. దువ్వూరు దాటగానే ఉంది నీ రేకుల కొట్టం, నీలం పట్టా. తాళం వేసి ఉంది. పక్కన పంక్చరు అంగడి మద్దిలేటి అనే ఆయన నన్ను చూసి ముందు స్టూలు వేశాడు, నీళ్ళిచ్చాడు, ఆ తర్వాతే ఎవరని అడిగాడు. "మహాదేవమ్మ కావాల్నా? కూతురు కాన్పని బద్వేలుకు పోయింది. నెల దాకా రాదు" అన్నాడు. బద్వేలు బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్పి, తన బండి మీద మైదుకూరు దాకా దింపాడు. పెట్రోలుకు ఇస్తానంటే చేతులు జోడించాడు.

బద్వేలులో ఇల్లు పట్టుకునేసరికి సాయంత్రమైంది. మహాదేవమ్మ మనవరాలికి నీళ్ళు పోస్తోంది. నేను ఎవరో అడక్కుండానే "కూసో అక్కా, మొగమంతా వాడిపోయిండాది. కాఫీ కాంచుతా" అంది. గాబ్రియేలూ, నువ్వు కలగనలేదు. ముప్పై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని నేను, నాకు అట్లా కాఫీ పెట్టడం రాదు. మొగుడూ పెళ్ళాం పన్నెండేళ్ళు చిక్కమగళూరు తోటల్లో కూలికి పోయారంట. ఇప్పటికీ అక్కడి నుంచే గింజలు తెప్పించుకుంటుంది. తానే వేయించి, తానే దంచుతుంది.

గ్లాసు ఖాళీ చేశాక నీ ఫోటో చూపించాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఈయప్పా? యాదుండాడు. పాపం, శానా అలిసిపోయి వచ్చినాడు. గ్లాసు ముందర పెట్టినా. కండ్లు మూసుకోని తల వంచినాడు. కూసునే నిద్రపోయినాడు. అప్పా, అప్పా అని రెండు మార్లు పిలిచినా, పలకల్యా. కాఫీ చల్లారి మీగడ కట్టింది. అది పారబోసి మళ్ళా కాంచి ఇచ్చినా."

ఇన్ని రోజులు తిరిగి, నిన్ను ముంచే మనిషినే వెతికి పట్టుకున్నానా అనిపించింది. గ్లాసు కింద పెట్టేశాను.

ఆ తర్వాత నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను, బాలింత పిల్ల లోపలి నుంచి తొంగి చూసింది. ప్రార్థనరా! మన నాయన మనకు నేర్పింది, మంచినీళ్ళైనా కళ్ళు మూసుకుని స్తుతి చెప్పకుండా గొంతు దిగకూడదని. మధ్యలో ఎవరు పిలిచినా పలకకూడదని. నువ్వు ఒకసారి పలికినందుకు వీపు విమానం మోత మోగింది, గుర్తుందా? ఇక నీ ప్రార్థన పొడవు నాకు తెలియదా. నువ్వు మొదలుపెడితే పాస్టరే గడియారం చూసుకుంటాడు.

మహాదేవమ్మకు చెప్పాను. రెండో గ్లాసు ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని చేసి చూపించాను కూడా. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓయమ్మ! దేవునికి మొక్కినాడా! నేను నిద్రనుకుంటి గదక్కా. ఈ మాటే కోర్టులో చెప్పింటే ఆయప్ప బతుకేం గావాల" అంది. ఇంకా ఏవేవో చెప్పింది, అవన్నీ ఇక్కడ అక్కరలేదు. మూడో తేదీ వచ్చి, నిద్ర కాదు, దేవునికి మొక్కుకున్నాడు అని చెబుతుంది. మాట ఇచ్చింది. వకీలుకు ఫోను చేస్తే "ఇంకేం కావాలమ్మా" అన్నాడు.

జీవమ్మ ఈ రాత్రి కాస్త నిద్రపోతుంది. నువ్వూ నిద్రపో.

శివజ్యోతి వయసు నాకు తెలియదు. అడగొద్దన్నానా లేదా?

అక్క
రాహేలమ్మ

~

సబ్ జైలు,
24-3-2025.

అక్కా,

నీ జాబు నాలుగుసార్లు చదివాను. ఈ జాబు ఇక్కడి సారు చదివాకే పోస్టులో వేస్తారు. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను.

నేను ఇంటికి పొమ్మన్నది నీ షుగరు కోసం కాదు. ఆమె దొరుకుతుందని భయపడి రాశాను.

కళ్ళు మూసుకుంది ప్రార్థనకే. అబద్ధం కాదు. "ప్రభువా, ఈ కాఫీని, దీన్ని ఇచ్చిన ఈ తల్లి చేతులను" అన్నంతవరకు గుర్తుంది. ఆమేన్ అన్నట్టు గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి గ్లాసులో కాఫీ మీద మీగడ తేలుతోంది, ఆమె నా ఎదురుగా నిలబడి ఉంది. ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు.

ఆమె ఇంకో మాట కూడా అంది. కొట్టం వెనక నులక మంచం ఉంది. "పండుకోని పోప్పా, ఒక గంట. నేను లేపుతాలే" అంది. నా సొంత మనుషులు కూడా అంత ప్రేమగా చెప్పి ఉండరు. లోడు టైముకు దించాలమ్మా అని నవ్వి, రెండో గ్లాసు తాగి లేచాను. మంచి కాఫీ గదా, ఇక నాకేం కాదు అనుకున్నాను. అది కాఫీ మీద నమ్మకం కాదు, పొగరు. మంచం మీద ఒక గంట పడుకుని ఉంటే అయ్యన్న ఈ పాటికి బతికే ఉండేవాడు.

అయ్యన్న అడ్డం వచ్చాడని పోలీసులకు చెప్పాను, వకీలుకు చెప్పాను, నీకు చెప్పాను. అడ్డం వచ్చినవాణ్ణి నేను చూసి ఉండాలి గదక్కా. చూడలేదు. నేను చప్పుడు విన్నాను, అప్పుడు కళ్ళు తెరిచాను. మోపెడ్ రోడ్డు మధ్యలో లేదు. తెల్లగీతకు అవతల, మట్టి అంచున పడి ఉంది. అతను తన దారిన తను పోతున్నాడు. లారీయే అతని దగ్గరికి పోయింది.

అందుకే పరిగెత్తాను. జనం కొడతారని కాదు. ఆ గీత చూసి పరిగెత్తాను.

ఆమె చేత అబద్ధం చెప్పించొద్దు. నా ప్రార్థనను అడ్డం పెట్టుకుని నేను బయటికి వస్తే, ఇక ఏ ముద్ద ముందు కళ్ళు మూసుకోను? జీవమ్మకు నువ్వే చెప్పు. నాకు మొహం చెల్లడం లేదు.

గాబ్రియేలు

~

చాగలమర్రి బస్టాండు,
29-3-2025.

గాబ్రియేలుకు,

నీ జాబు చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. అగ్గిపెట్టె కూడా తీశాను. ఇన్ని బస్సులెక్కి, ఇంతమంది కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని నీ మెడ మీది బరువు దించితే, నువ్వే ఎత్తి మళ్ళీ పెట్టుకుంటావా? రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. జీవమ్మ "ఏమైంది వదినా" అని అడిగి అడిగి, చివరికి జాబు నా చేతిలోంచి లాక్కుని చదువుకుంది. ఏడ్చింది. ఏడ్చి, "ఆయన రాసినట్టే చెయ్యి వదినా" అంది. నాకన్నా ఆ పిల్ల నయం.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఉంది. మంచం సంగతి మహాదేవమ్మ నాకు ఆ రోజే చెప్పింది. పండుకోమన్నానని, వినలేదని, లారీ కనుమరుగయ్యేదాకా నిలబడి చూశానని చెప్పింది. నీకు రాయలేదు. కోర్టులో ఆ మాట ఎత్తొద్దని ఆమెతో అన్నాను. "అడిగితేనో?" అంది. "అడగరులే" అన్నాను. ఆమె నా మొహం వైపు చూసి, గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. దాచుకునేదేముంది అని నీకు మొదటి జాబులో గొప్పగా రాసినదాన్ని నేనే.

నిన్న ఆమెకు ఫోను చేశాను. వచ్చి చూసింది చూసినట్టు చెప్పు, మంచం సంగతి కూడా చెప్పు అన్నాను. "శానా మంచి మాట చెప్పినావక్కా. నువ్వు పోయిన కాడ్నుంచి నాకు కూడు పోతాల్యా" అంది. నాకు సిగ్గేసింది. కాఫీ ఇచ్చి, మంచం ఇస్తానన్న మనిషికి తిరిగి మనం పెట్టింది అది.

జయరాజ్ వకీలు మాత్రం ఫైలు బల్ల మీద పడేశాడు. బెయిలు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. శిక్ష కూడా పడవచ్చు, ఎన్నేళ్ళో చెప్పలేనన్నాడు. సరే అన్నాను. సరే అనడానికి నాకెంత కష్టమైందో నీకు చెప్పలేను.

ఈ పొద్దున అయ్యన్న పల్లెకు వెళ్ళాను. రేపు ఉగాది. వీధిలో అందరూ ఇళ్ళు కడుక్కుంటున్నారు, ఆ ఇంటి ముందు మాత్రం చీపురు కూడా పడలేదు. శివజ్యోతి బయటే కూర్చుని ఉంది. నువ్వు అడిగింది చూసి వచ్చాను. ముప్పై ఉండవు.

నేనెవరో చెప్పాను. లేచి తలుపు వేసుకుంటుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, కొడితే పడదామనే వెళ్ళాను. ఆమె కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. ఒక్క మాట అడిగింది.

"మా ఆయప్ప చూసుకోకుండా అడ్డం పోయినాడంట గదా? ఊరంతా అదే అంటాండారు. మా అత్త గూడా అదే అంటాది. వాడే పోయి సావు తెచ్చుకున్యాడని."

గాబ్రియేలూ, నువ్వు భయంతో అన్న ఒక్క మాట ఇంత దూరం నడిచి వచ్చి ఆ ఇంట్లో కూర్చుంది. చచ్చిపోయినవాణ్ణి కన్నతల్లే తిడుతోంది.

"కాదమ్మా. ఆయప్ప రోడ్డు అంచునే పోతాండాడు. నా తమ్ముడు నిద్రపోయినాడు. వాడే రాసినాడు నాకు" అని చెప్పాను.

ఆమె లోపలికి వెళ్ళింది. "అత్తా, ఆయప్ప తప్పేం ల్యాదంట. ఆ డ్రైవరు వాళ్ళక్కే వచ్చి చెప్తాండాది" అనడం వినపడింది. ఆ ముసలామె గోడ పట్టుకుని బయటికి వచ్చింది. కళ్ళు సరిగా కనపడవు అనుకుంటాను, నా మొహానికి బాగా దగ్గరగా వచ్చి చూసింది. ఇరుగుపొరుగు పనులు ఆపి నిలబడ్డారు.

"మళ్ళా చెప్పు. వీళ్ళందరూ ఇనేటట్ల గట్టిగా చెప్పు" అంది.

వీధిలో నిలబడి మళ్ళీ చెప్పాను. నా తమ్ముడు గాబ్రియేలు నిద్రపోయాడు, అయ్యన్న తప్పు లేదు అని. ఆమె మూడోసారి చెప్పించింది.

మూడో తేదీ కోర్టులో నేనూ జీవమ్మా ముందు బెంచీలో కూర్చుంటాం. తల దించుకోకు. గట్టిగా చెప్పు.

నీ అక్క
రాహేలమ్మ